పలక వెనక

మొదటి రోజే ఉజ్వల పరిగెత్తింది.

పరిగెత్తకూడదని ఆ పొద్దున్నే, పని నేర్పే రాజకుమారి ఆమెకు మళ్ళీ మళ్ళీ చెప్పింది. అడవిపంది ఎదురైతే ఆగిపో, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరుగు, చెట్టు దొరికితే చెట్టు చాటుకు పో, ఏమైనా సరే వీపు మాత్రం చూపించకు అని. ఉజ్వల బుద్ధిగా తలూపింది. తీరా సింగపూర్‌లో సెంగ్‌కాంగ్ చివరి ఫ్లాట్ల బ్లాకుల వెనక, కాలువ దాటాక మొదలయ్యే చిన్న అడవిలో, తుప్పల్లోంచి నల్లటి ఆకారం ఒకటి గుర్రుమంటూ దూసుకొచ్చేసరికి, విన్న మాటలేవీ ఆమె తలలో మిగల్లేదు. చేతిలోని మొక్కజొన్నల సంచి ఎక్కడ పడేసిందో తెలియదు. ఏ దారిన వచ్చిందో తెలియదు. తెలివి వచ్చేసరికి బస్టాపులో ఒక ఇనప స్తంభాన్ని రెండు చేతులా కరుచుకుని నిలబడి ఉంది. బస్సు కోసం కూర్చున్న చైనా ముసలావిడ ఎవరో ఆమెకు నీళ్ళ సీసా అందిస్తోంది.

రాజకుమారిని అక్కడే వదిలేసి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది.

వెళ్ళి చూడాలని ఉంది, కాళ్ళు కదలడం లేదు. స్తంభం వదిలితే కింద పడతాననిపించింది. ఫోను చేస్తే మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు. పంది ఆవిడ మీద పడి ఉంటుందనీ, ఆ కుళ్ళిన ఆకుల్లో ఒక్కతీ నెత్తురోడుతూ ఉంటుందనీ తలుచుకుని ఉజ్వల మళ్ళీ ఫోను నొక్కింది.

కాసేపటికి రాజకుమారి కాలువ గట్టు మీదుగా తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. యాభై దాటిన పొట్టి మనిషి. నెరిసిన జుట్టును మగపిల్లల్లాగా కత్తిరించుకుంటుంది. ఉజ్వల పారేసిన సంచి ఆవిడ భుజం మీద ఉంది. అరవలేదు, తప్పుపట్టలేదు. సంచి దించి బెంచీ మీద కూర్చుని, అది పిల్లల తల్లి అనీ, కాస్త మీదికొచ్చి బెదిరించి మళ్ళీ తుప్పల్లోకి పోయిందనీ చెప్పింది.

"తాకుత్ అయిపోనావు కదా," అంది. భయాన్ని మలయ్‌లో అలా అంటారని ఉజ్వలకు అప్పటికి తెలియదు. ఆవిడ తన మొహం చూస్తున్న తీరును బట్టి అర్థమైంది.

"నాతోని కాదు మేడమ్. నన్ను ఆఫీసుల కూసోబెట్టుమని చెప్పుండ్రి."

"రేపు చెప్దాం లా. ముందు మాకన్. నాకు ఆకలేస్తంది."

ఇద్దరూ దగ్గర్లోని హాకర్ సెంటరుకు, చవక తిండి దుకాణాల చావడికి, వెళ్ళారు. రాజకుమారి అన్నం, చేప తిన్నది. ఉజ్వల టీ గ్లాసు ఎత్తబోతే సగం బల్ల మీదే ఒలికింది. ఆమె పారిపోయిన సంగతి రాజకుమారి ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఉజ్వల హైదరాబాదులో, రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివింది. వరంగల్ వైపు ఒక మండలంలో కొన్నాళ్ళు బర్రెలకూ గొర్రెలకూ సూదులు వేసింది. పెళ్ళయ్యాక భర్త చక్రధర్ వెంట సింగపూర్ వచ్చింది. అతనిది పాయా లేబర్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ చేసే పని. ఇక్కడ ఆమె చదువుతో ఆసుపత్రి పెట్టుకునే వీల్లేదు. కుక్కల క్లినిక్కులకు ఎన్ని దరఖాస్తులు పంపినా పిలుపు రాలేదు. రోజంతా పన్నెండో అంతస్తు కిటికీలోంచి కింద వచ్చిపోయే చిన్న రైలును చూస్తూ రెండేళ్ళు గడిపింది. ఊళ్ళలోకి వచ్చే అడవి జంతువులను పట్టే ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగమిస్తామన్నప్పుడు ఆమె ఏడ్చినంత పని చేసింది. ఇంటర్వ్యూలో మత్తుమందుల మోతాదులు అడిగారు. ఏ జంతువుకు ఎంత సేపట్లో మత్తు ఎక్కుతుందో అడిగారు. పంది ముందు నిలబడాల్సి ఉంటుందని ఎవరూ అన్నట్టు గుర్తులేదు. అన్నారేమో, ఆ సంతోషంలో వినలేదేమో.

కొత్తగా చేరినవాళ్ళను తీర్చిదిద్దే పని రాజకుమారిది. ఆవిడ తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. ఆవిడ పుట్టింది, పెరిగింది సింగపూర్‌లోనే. టోవా పాయోలో అమ్మ వదిలిపోయిన ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. ఇంట్లో మాట్లాడుకున్న తాత నాటి తెలుగు ఇప్పటికీ పోలేదు, దాంట్లోకి మలయ్, తమిళం వచ్చి కలిశాయి. మలేసియాలో జొహోర్ తోటల్లో ఉండే మేనమామ పందుల వేటకు పోయేవాడట. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆయన వెంట తిరిగి పందుల నడక, వాటి దారులు, వాటి కోపం నేర్చుకుంది. నిజానికి మేనేజరు ఈసారి ఒక కుర్రవాణ్ణి తీసుకుందామన్నాడనీ, ఈ అమ్మాయే కావాలని రాజకుమారి పట్టుబట్టిందనీ ఆఫీసులో ఎవరో ఉజ్వలతో అన్నారు. ఎందుకో ఉజ్వలకు బోధపడలేదు.

ఆ వారంలోనే ఉజ్వల వాళ్ళ బ్లాకులో ఉండే సీతారామారావు గారిని పంది పొడిచింది.

విజయవాడ నుంచి కూతురి దగ్గరికి వచ్చి స్థిరపడిన పెద్దాయన. తెల్లవారగానే భార్యతో కలిసి కాలువ పక్కన నడుస్తుంటాడు. ఉజ్వల, చక్రధర్ చూడటానికి వెళ్ళేసరికి కాలికి మోకాలి దాకా కట్టుతో సోఫాలో ఉన్నాడు. "వెనక నుంచి స్కూటరు తగిలిందనుకున్నానమ్మా," అన్నాడు. "తిరిగి చూస్తే మూతి. ఇంత దగ్గర. దాని ఊపిరి నా చేతికి తగిలింది." పొడిచింది కోరలున్న మగపంది. వాళ్ళు లేచి వచ్చేటప్పుడు ఆయన భార్య ఉజ్వల చెయ్యి పట్టుకుని, నువ్వు చేసే ఉద్యోగం ఇదేనట కదా, మానెయ్యమ్మా అంది.

లిఫ్టులో చక్రధర్ కూడా అదే మాటన్నాడు. డాక్టరు చదువు చదివి పందుల ఎంట పడుడేందని, ఏమన్నయితే మీ నాన్నకు నేనేం జవాబు చెప్పాల్నని. మానెయ్యాలని ఉజ్వలకూ ఉంది. ఆ రాత్రి కళ్ళు మూస్తే చాలు, తుప్పలు కదిలినట్టయింది. కానీ మానేస్తే మళ్ళీ ఆ కిటికీ, ఆ రైలు. దానికి తోడు బస్టాపు స్తంభం పట్టుకుని వేలాడిన తన ఆకారం కళ్ళముందు నుంచి పోవడం లేదు. తెల్లవారాక బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది.

రాజకుమారి ఆమెను అడవికి తీసుకుపోలేదు. కంపెనీ షెడ్డు వెనక సిమెంటు జాగాలోకి తీసుకెళ్ళి ఒక చెక్క పలక చేతికిచ్చింది. ఛాతీ ఎత్తు ప్లైవుడ్ పలక, పట్టుకోవడానికి రెండు కంతలు. పంది కంటికి సందు కనబడితే ఆ సందులోకే దూసుకొస్తుందనీ, అడ్డంగా గోడలాంటిది కనబడితే పక్కకు తిరుగుతుందనీ, ఈ పలకే నీ గోడ అనీ చెప్పింది. పలక అడుగు అంచు నేలకు ఆనాలి. దాని వెనక పాదం అడ్డం పెట్టాలి. భుజం ఆనించాలి. కళ్ళు పలక పైనుంచి బయటికి చూస్తూ ఉండాలి.

ఆ తర్వాత ఆవిడ సామాన్లు మోసే ట్రాలీ మీద ఇసుక మూటలు వేసుకుని, జాగా అవతలి అంచు నుంచి పరుగెత్తుకుంటూ తోసుకొచ్చింది.

ఉజ్వల పలక వదిలేసి పక్కకు గెంతింది. పలక ట్రాలీ కింద పడి పెద్ద చప్పుడైంది. షెడ్డులో పనిచేస్తున్నవాళ్ళు చూసి నవ్వారు. రాజకుమారి ట్రాలీని వెనక్కి లాక్కుపోయి మళ్ళీ వచ్చింది. ఉజ్వల మళ్ళీ గెంతింది. మూడోసారి గెంతలేదు గాని కళ్ళు గట్టిగా మూసేసుకుంది. ట్రాలీ తగిలిన ఊపుకు వెల్లకిలా పడింది.

"కన్ను ముయ్యకు," అంది రాజకుమారి వగరుస్తూ. "కన్ను మూసీనావంటే అది ఎటెల్లిందో నీకు తెలీదు. తెలీకపోతే ఇంకా తాకుత్. పడితే పడు. కన్ను తెరిచి పడు."

రోజూ ఉదయం అదే పని. ఉజ్వల మణికట్లు వాచాయి, భుజం కమిలి నల్లబడింది. చక్రధర్ చూస్తాడని ఇంట్లో పొడుగు చేతుల చొక్కాలు వేసుకుంది. ఒకనాటికి ట్రాలీ వచ్చి తగిలినా కదలకుండా నిలబడగలిగింది. రాజకుమారి మెచ్చుకోలేదు. జేబులోంచి తైలం సీసా తీసి ఆమె మణికట్టుకు రాసి, సాయంత్రం మాటుకు పోదాం అంది.

మాటంటే అడవి అంచున ఆకుపచ్చ గుడ్డ కట్టిన చిన్న చాటు. దాని ముందు కొద్ది దూరంలో ఇనప వలతో గుండ్రంగా కట్టిన దొడ్డి ఉంది. దాని తలుపు పైకెత్తి ఉంటుంది. రిమోటు నొక్కితే కత్తిలా కిందికి పడుతుంది. దొడ్డిలో మొక్కజొన్నలు, ఎండిన రొట్టెలు, చిలగడదుంపలు పోస్తారు. పందులు ఆ తిండికి అలవాటుపడి జంకు లేకుండా లోపలికి పోయేదాకా రోజూ పొద్దుగూకే వేళ చాటులో కదలకుండా కూర్చుని చూడాలి. తల్లిపంది, పిల్లలు ముందు దొరికితే మగపంది కూడా ఆ చుట్టుపక్కలే తిరిగి దొరుకుతుందని లెక్క.

కూర్చోవడం పరుగెత్తడం కంటే కష్టమైంది ఉజ్వలకు. వెలుతురు తగ్గేకొద్దీ అడవి దగ్గరికి జరిగినట్టుండేది. ఎండుటాకు రాలితే ఆమె మెడ మీద వెంట్రుకలు లేచేవి. దూరంగా రైలు పోయే చప్పుడు ఆగిపోగానే, ఆ చప్పుడు చాటున ఏదో దగ్గరికి వచ్చేసిందనిపించేది. గుండె ఎంత గట్టిగా కొట్టుకునేదంటే పందికి వినిపిస్తుందని భయం. ఏ చిన్న అలికిడైనా రాజకుమారి చేతి మీద వేలితో తట్టాలని నియమం. ఆమె తడుతూనే ఉండేది. తట్టినప్పుడల్లా రాజకుమారి విసుక్కోకుండా ఎటువైపు అని సైగతో అడిగేది. ఉజ్వల చూపించిన వైపు తిరిగి చాలాసేపు చూసేది.

ఆవిడ తనను ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చోబెడుతోందని ఉజ్వల కొన్నాళ్ళకు గమనించింది. ఒకసారి కుడి పక్కన కూర్చోబోతే వద్దని లేపింది. ఇంకో సాయంత్రం ఎడమ వైపు నుంచి చాలా పెద్ద ఉడుము ఒకటి ఎండుటాకులను బరబరా ఈడ్చుకుంటూ చాటు దాకా వచ్చింది. ఉజ్వల బిగుసుకుపోయి, తట్టడం మరిచిపోయింది. ఆ చప్పుడుకు ఎవరైనా ఉలిక్కిపడాలి. రాజకుమారి దొడ్డి వైపే చూస్తూ కూర్చుంది. ఉడుము ఆవిడ బూటును దాదాపు రాసుకుంటూ పోయింది. అది కంటికి కనబడ్డాకే ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది.

ఉడుమును చూసినప్పటి కంటే అప్పుడు ఎక్కువ భయమేసింది ఉజ్వలకు. ఈ అడవిలో ఆమె ఇన్నాళ్ళూ కూర్చోగలిగింది పక్కన రాజకుమారి ఉందన్న ఒక్క ధైర్యంతో. ఆవిడకు వినపడదు.

మరునాడు హాకర్ సెంటర్లో అడిగేసింది. రాజకుమారి కాఫీ గ్లాసు పక్కకు జరిపింది. ఎడమ చెవి పోయి చాలా కాలమైందనీ, కుడిది కూడా ఈ మధ్య తగ్గిపోతోందనీ చెప్పింది. ఆఫీసుకు తెలిస్తే కుర్చీలో కూర్చోబెడతారట. ఇంట్లో ఎవరూ లేరు, అడవి తప్ప తనకింకేమీ తెలియదు అంది.

"నన్నే ఎందుకు తీసుకున్నరు మేడమ్?"

"ఇంటర్వ్యూ రోజు బయట ఎవరో పళ్ళెం కింద పడేసినారు. లోపల కూర్చున్నోళ్ళు ఎవరూ కదల్లేదు. నువ్వు కుర్చీలోంచి లేచిపోనావు." రాజకుమారి తల ఎత్తకుండా అంది. "భయం ఉన్నోళ్ళకి చెవులు బాగుంటాయి."

"అంటే నా చెవుల కోసం తెచ్చుకున్నరు."

"చెవుల కోసమే. తర్వాత మనిషివి కూడా బాగున్నావు."

ఉజ్వలకు నవ్వు రాలేదు. ఒళ్ళంతా మండింది. ఆ చెవులు ఒక్కసారి పొరబడితే ఇద్దరమూ పోతాం కదా, ఆ సంగతి నాకు చెప్పకుండా ఇన్ని రోజులు ఎట్లా కూర్చోబెట్టారు అని అడిగింది. ఇప్పుడే పోయి మేనేజరుకు చెప్తానంది. రాజకుమారి అడ్డుపడలేదు. తల్లిపంది రెండు రోజులుగా దొడ్డి లోపలికి పోతోందనీ, ఇప్పుడు మనుషులు మారితే అది బెదిరి ఎటో పోతుందనీ, దాని వెంట తిరిగే మగపంది మళ్ళీ కాలువ గట్టెక్కితే ఈసారి ఏ చిన్నపిల్లనో పొడుస్తుందనీ మాత్రం అంది. తల్లిపందిని పట్టిన మరునాడు నేనే వెళ్ళి చెప్పుకుంటానని మాటిచ్చింది. ఉజ్వల ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు ఆ రోజంతా తనను తానే తిట్టుకుంది.

ఆ సాయంత్రం వాన వెలిసింది. ఆకుల మీంచి నీళ్ళు కారుతుంటే ప్రతి చుక్కా అడుగుల చప్పుడులాగే ఉంది. తల్లిపంది ఇంకా వెలుతురు ఉండగానే వచ్చింది. వెనకే చారల పిల్లలు. అది తలుపు దగ్గర ఆగి గాలిని వాసన చూసి లోపలికి పోయింది. పిల్లలన్నీ దూరాక రాజకుమారి రిమోటు నొక్కింది.

తలుపు పడింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు ఉజ్వల జన్మలో వినలేదు. పంది వలకేసి తన్నుకుంటోంది. ఇనుము మొత్తం మోగిపోతోంది. పిల్లలు మనుషుల పిల్లల్లాగా కీచుమంటున్నాయి. పంది తలకు దెబ్బ తగిలేలోపు మత్తు సూది వెయ్యాలి. మోతాదు ఉజ్వల ముందే లెక్కకట్టి పెట్టింది. పొయ్యి ఊదే గొట్టంలాంటి పొడవాటి గొట్టంలోంచి సూదిని నోటితో ఊది కొట్టడం రాజకుమారి పని. ఆవిడ వల పక్కన మోకాలి మీద కూర్చుని గొట్టం సర్దుకుంది. ఉజ్వల పలక పట్టుకుని ఆవిడ వీపు వెనక నిలబడింది.

అప్పుడు వినబడింది. ఎడమ వైపు తుప్పల్లోంచి టకటకమని చిన్న చప్పుడు, రెండు రాళ్ళు రాసుకుంటున్నట్టు. మగపంది కోపమొస్తే కోరలు నూరుతుందని రాజకుమారి చెప్పి ఉంది. ఉజ్వల "మేడమ్, ఎడమ దిక్కు" అంది. రెండు చేతులూ పలక కంతల్లో ఉన్నాయి, తట్టే వీల్లేదు. మళ్ళీ అంది. ఇనప మోతలో రాజకుమారికి ఏమీ వినపడలేదు. ఒక కన్ను మూసి గొట్టంలోంచి గురి చూస్తోంది.

తుప్పలు విడిపోయాయి. దాని భుజాలు ఉజ్వల నడుము దాకా ఉన్నాయి. మెడ మీద వెంట్రుకలు నిక్కి నిలబడ్డాయి. మూతి పక్కన పసుపు రంగు కోరలు.

వెనక కాలువ గట్టుకు పోయే దారి ఖాళీగా ఉంది. ఉజ్వల ఆ దారి వైపు జరిగింది. ఒక అడుగు కాదు, రెండు మూడు అడుగులు జరిగింది. అలా జరిగేసరికి రాజకుమారి వీపు బయటపడింది. వానకు తడిసి చొక్కా అంటుకుపోయిన చిన్న వీపు, తన వెనక ఏముందో తెలియని వీపు. దాన్ని చూశాక ఉజ్వల మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎలా వచ్చిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. పలక నేలకు ఆనించి, పాదం అడ్డం పెట్టి, భుజం ఆనించింది.

పంది వచ్చి తగిలింది. ఇసుక మూటల ట్రాలీ దీని ముందు ఏపాటిదీ కాదు. ఉజ్వల ఎగిరి రాజకుమారి మీద పడింది. ఇద్దరి మీదా పలక పడింది. పలక మీద బరువు, ఊపిరి, బురద కంపు. చెక్క పగులుతున్న చప్పుడు చెవి పక్కనే. మరుక్షణం బరువు తేలిపోయింది. పంది వల దగ్గరికి పోయి లోపలి దాన్ని వాసన చూసి మళ్ళీ వీళ్ళ వైపు తిరిగింది. ఉజ్వల మోకాళ్ళ మీద లేచి పగిలిన పలకను మళ్ళీ నిలబెట్టింది. కళ్ళు తెరిచే ఉంచింది. తెరిచి ఉంచడం వల్లే దాని చిన్న కళ్ళు కనబడ్డాయి. ఆమె నోటి నుంచి అరుపు వచ్చింది. మండలంలో పొగరుబోతు బర్రెలను అదిలించిన అరుపే.

"ఎన్కకు! ఏయ్, ఎన్కకు పో!"

పంది పలక ముందు ఆగింది. అటూ ఇటూ తల ఊపింది. కాసేపు కోరలు నూరి, చివరికి పక్కకు తిరిగి తుప్పల్లోకి పోయింది. ఉజ్వల ప్యాంటు తడిసిపోయి ఉంది. అది వాన తడి కాదని ఆమెకు తెలుసు. రాజకుమారి చూసి కూడా చూడనట్టు, గొట్టం వెతికి తీసి సూది ఊదింది. గురి తప్పలేదు.

తల్లిపంది మెల్లగా ఒరిగాక ఉజ్వల వల సందులోంచి చెయ్యి పెట్టి దాని డొక్క మీద ఆనించింది. ఊపిరి నిదానంగా ఆడుతోంది. పాలు కారుతున్నాయి. పిల్లలు దాన్ని మూతులతో పొడుస్తున్నాయి. కంపెనీ డాక్టరు వ్యానులో వచ్చి ప్రాణం తీసే సూది వేస్తాడు, అది మళ్ళీ లేవదు, పిల్లలు కూడా లేవవు. ఆ సంగతి ఆమెకు ఉద్యోగంలో చేరిన నాడే తెలుసు. వ్యాను వచ్చాక, మత్తు సరిగ్గా పట్టిందని డాక్టరుకు చెప్పగలిగింది.

ఇంటికి వెళ్ళాక వణుకు పట్టుకుంది. చక్రధర్ దుప్పటి కప్పి, పాల గ్లాసు తానే పట్టుకుని తాగించాడు. రేపటి నుంచి పోను అంది. సరే అన్నాడు.

పొద్దున రాజకుమారి ఫోను చేసింది. మేనేజరు దగ్గరికి పోతున్నాననీ, నువ్వు రావక్కరలేదనీ అంది. కానీ ఫోను పెట్టెయ్యలేదు. అవతల ఆవిడ ఊపిరి వినబడుతూనే ఉంది. ఉజ్వల బూట్లు వేసుకుంది.

మేనేజరు లిమ్ గది బయట కూర్చున్న రాజకుమారి ఉజ్వలకు ఎప్పుడూ చూడని మనిషిలా కనబడింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్ని ఒకటి నలుపుకుంటోంది. పెదవులు పాలిపోయాయి. "బాబి హుతాన్ ముందు, అడవిపంది ముందు కూడా ఇలాగ అవ్వలేదు నాకు," అంది మెల్లగా. ఉజ్వల ఆవిడ కుడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. లోపల రాజకుమారి ఏదీ దాచకుండా చెప్పింది. లిమ్‌కు కోపం వచ్చింది. మనుషుల ప్రాణాలతో ఆడుకున్నావన్నాడు. ఆ మాటకు ఆవిడ తల వంచుకుంది. చెవుల పరీక్ష అయ్యేదాకా అడవిలోకి అడుగు పెట్టొద్దన్నాడు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూద్దామన్నాడు. బయటికొచ్చాక ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఉజ్వల పక్కనే నిలబడింది.

తర్వాతి వారాల్లో ఉజ్వల వేరే జట్టుతో వెళ్ళింది. భయం తగ్గలేదు. వెళ్ళే ముందు ప్రతిసారీ చేతులు చల్లబడేవి, బాత్రూముకు పోవాల్సి వచ్చేది. కానీ పలక పట్టుకున్నాక ఎలా నిలబడాలో ఒంటికి తెలిసిపోయింది. మగపందిని కూడా పట్టారు. ఆ రోజు పలక పట్టుకున్నది ఉజ్వలే. సీతారామారావు గారికి చెబితే ఆయన, పాపం అది కూడా ప్రాణే కదా అన్నాడు. ఆయన భార్య మాత్రం దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టింది.

రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టించుకుని రాజకుమారి తిరిగి వచ్చింది. కొత్తవాళ్ళకు నేర్పడానికి మాత్రమే, అదీ తోడుగా ఇంకొకరు ఉంటేనే అని లిమ్ ఒప్పుకున్నాడు. ఆ తోడు ఉజ్వల. మొదటి సాయంత్రం కొత్తవాళ్ళింకా రాలేదు. ఇద్దరే చాటులో కూర్చున్నారు.

వెలుతురు తగ్గుతుండగా రాజకుమారి ఉలిక్కిపడి ఉజ్వల మోచెయ్యి పట్టుకుంది.

"ఏటిది?"

"ఉడుత మేడమ్. కొమ్మ మీద."

"ఉడుత ఇంత చప్పుడు చేస్తాదా?" కాసేపాగి మళ్ళీ పట్టుకుంది. "అది?"

"కప్పలు."

ఆకు రాలితే ఉలిక్కిపడింది. రైలు పోతే ఉలిక్కిపడింది. రైలు చప్పుడు ఆగిపోయాక మరింత బిగుసుకుపోయింది. ఉజ్వల చేతిలో ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఇదంతా వింటూనే కూర్చున్నావా నువ్వు, ఇన్నాళ్ళూ?"

"విన్న మేడమ్."

రాజకుమారి చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చింది. యంత్రాన్ని కాసేపు ఆపేద్దామనుకున్నట్టుంది. ఉజ్వల ఆపొద్దని మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఆవిడ చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. చీకటి పడేదాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం పందులేవీ రాలేదు.